కుంటి గుఱ్ఱము గెలిచిన పందెము

ఎద్దును కొనబోవునపుడు మనము సుడులు చూతుము, పండ్లు చూతుము, గిట్టలు చూతుము. గిట్టలో దోషమున్న పశువునకు వెల పలుకదు. అట్టి దోషము గల గుఱ్ఱమొకటి ఇంగ్లండు దేశమున ఎట్లు ప్రఖ్యాతి గాంచెనో నేడు విన్నవించెదను. దాని పేరు రెడ్ రమ్.

మన హైదరాబాదు మలక్‌పేటలో జరుగు పందెములు చదునైన నేలమీది పరుగులు. స్టీపుల్‌చేజ్ అనునది వేఱు. అందు గుఱ్ఱము కంచెలను, కాలువలను దుమికి దాటుచు పరుగెత్తవలెను. లివర్‌పూలు చెంత ఎయిన్‌ట్రీలో జరుగు గ్రాండ్ నేషనల్ వీనిలో మిక్కిలి కఠినమైనది. ఆ కాలమున దాని దూరము దాదాపు నాలుగున్నర మైళ్లు. దాటవలసిన అడ్డంకులు 30. మేలుజాతి గుఱ్ఱములు సైతము అందు కూలుట కలదు, ప్రాణములు కోల్పోవుటయు కలదు.

రెడ్ రమ్ 1965లో ఐర్లండున పుట్టెను. దాని వంశము కొద్దిదూరపు వేగమునకు తగినదేకాని, దీర్ఘమైన పందెములకు తగినది కాదు. ఏడాది పిల్లగా 400 గినీలకు అమ్ముడుపోయి, పిదప పలువురి చేతులు మాఱెను. 1972లో జింజర్ మెకెయిన్ అను శిక్షకుడు, నోయెల్ లెమేర్ అను వృద్ధుని కొఱకు దానిని 6,000 గినీలకు కొనెను. మెకెయిన్ సౌత్‌పోర్టు పట్టణమున కార్ల వ్యాపారి. ఆయన గుఱ్ఱపుసాల కార్ల దుకాణము వెనుకనే యుండెను. కొన్న పిమ్మట చూడగా గుఱ్ఱము కుంటుచుండెను. అది గిట్టలోని యెముక వాచు రోగము.

మెకెయిన్ దానిని సముద్రపుటొడ్డునకు కొనిపోయి ఉప్పునీట నడిపించెను, తడియిసుకపై పరుగెత్తించెను. కుంటు తగ్గెను. ధర్మపురి కడ గోదావరి యిసుకలో నడచినవారికి ఇందలి మర్మము తెలియును. గట్టినేల పాదమును అదరగొట్టును. తడియిసుక ఆ దెబ్బను తాను మ్రింగును.

1973లో క్రిస్ప్ అను గుఱ్ఱము బహుదూరము ముందుండగా, రెడ్ రమ్ చివరి గజములలో దానిని దాటి, ముప్పాతిక గుఱ్ఱపు నిడివి తేడాతో గెలిచెను. క్రిస్ప్ 23 పౌనుల బరువు అధికముగా మోసినది గనుక, ఈ గెలుపు నిజముగా ఎవరిదని సందేహము కలుగవచ్చును. మఱుసటి యేడు ఆ 12 స్టోనుల బరువు, అనగా దాదాపు 76 కిలోలు, రెడ్ రమ్ వీపుననే పడెను. అయినను గెలిచి సందేహము తీర్చెను. 1975, 1976లలో రెండవ స్థానము పొంది, పండ్రెండేండ్ల ప్రాయమున 1977లో మరల గెలిచెను. ఆ పందెమును ముమ్మాఱు గెలిచిన గుఱ్ఱము మఱియొకటి లేదు. 1995లో అది మరణింపగా ఎయిన్‌ట్రీలో గెలుపు స్తంభము చెంతనే పాతిపెట్టిరి.

దానిని విడిచిపెట్టినవారు తెలివితక్కువవారు కారు. దోషము నిజముగానే యుండెను. ఆ దోషమునకు తగిన నేల యేదో వారికి దొరకలేదు, అంతియే. కావున అంగడిలో గిట్టలు పరీక్షించుట మానవలదు. కాని యింటి పశువు కుంటినపుడు దానిని కోతకు అమ్ముటకు ముందు, పశువైద్యునికి చూపి, కొన్నాళ్లు మెత్తని నేలను విశ్రాంతి నొసగి చూడుడు.