ఒకే బల్ల, రెండు పనిముట్లు: తిప్పే స్టాండ్ తయారీ

మా గోదావరిఖనిలో క్వార్టర్ వెనక రేకుల షెడ్డంటే చిన్న జాగానే. అందులోనే జీవామృతం డ్రమ్ములు, విత్తనాల డబ్బాలు. మరి కొడవళ్లు నూరే గ్రైండర్‌కి, వైస్‌కి చోటేది? అందుకే ఈ తిప్పే బల్ల.

ఇనుప యాంగిల్‌తో నాలుగు కాళ్ల ఫ్రేమ్ వెల్డింగ్ చేయించాను. రెండు 18 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్కల మధ్య చెక్క పట్టీలు పెట్టి, సరిగ్గా నడిమిట్ల 20 ఎం.ఎం. రాడ్ దూర్చాను. రాడ్ కొనలు ఫ్రేమ్ రంధ్రాల్లో తిరుగుతాయి. ఒక వైపు గ్రైండర్, రెండో వైపు వైస్. రెండిటి బరువూ దగ్గర దగ్గరగా ఉంటే చేతితో తేలిగ్గా తిరుగుతుంది.

కొలత ముఖ్యం. రాడ్ నుంచి పనిముట్టు చివరి అంచు దాకా 12 అంగుళాలుంటే, రాడ్ చుట్టూ 13 అంగుళాల లోపు అడ్డపట్టీ ఏదీ ఉండొద్దు.

అదురుకు నట్లు వదులవుతాయి, నైలాక్ నట్లే వాడండి. నాలుగు మూలలా గడియ బోల్టులు పడ్డాకే పని మొదలుపెట్టండి, లేకుంటే బల్ల తిరగబడి చెయ్యి పోతుంది. తిప్పేముందు ప్లగ్గు తీయాలి. సుత్తె దెబ్బల పని దీని మీద వద్దు.

పని అయ్యాక గ్రైండర్‌ని కిందికి తిప్పేస్తే బొగ్గు దుమ్ము కూడా తక్కువ పడుతుంది. తిప్పే విధానం వీడియోలో చూడండి.