జేక్వెరీ నుంచి కోడింగ్ పాఠాల దాకా

వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లలో జాన్ రెసిగ్ పేరు వినని వాళ్లు తక్కువ. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఆయన సృష్టే. 2006 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన ఒక సమావేశంలో దాన్ని విడుదల చేశారు. అప్పట్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో సజావుగా నడిచిన కోడ్ ఫైర్‌ఫాక్స్‌లో మొరాయించేది. సఫారీతో మరో తంటా. ఒకే పనికి బ్రౌజర్‌కో రకంగా రాయాల్సి వచ్చేది. ఆ తేడాలన్నీ జేక్వెరీ లోపలే సర్దుబాటు చేసి, రాసేవాళ్లకు రెండు మూడు వరుసల పని మిగిల్చింది. 2008లో మైక్రోసాఫ్ట్, నోకియా కూడా దాన్ని చేపట్టాయి. అప్పటికి రెసిగ్ ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో ఉద్యోగి.

2011లో ఆయన మొజిల్లా వదిలి, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీలో చేరారు. సల్ ఖాన్ 2004లో తమ బంధువుల అమ్మాయికి దూరం నుంచి లెక్కలు నేర్పడంతో మొదలైన ప్రయత్నం అది. 2008లో లాభాపేక్ష లేని సంస్థ అయింది. అక్కడ పాఠాల వీడియోలకు కొదవ లేదు. చూసిన పాఠం వంటబట్టిందో లేదో తేల్చేది మాత్రం అభ్యాసమే. రెసిగ్ మొదట చేసిన పనుల్లో ఆ అభ్యాసాల చట్రం ఒకటి. అందులో లెక్క నమూనా ఒక్కసారి రాసిపెడితే కంప్యూటర్ ప్రతిసారీ కొత్త అంకెలతో ఇచ్చేది. పక్కవాడి జవాబు చూసి రాసే వీలుండేది కాదు. చిక్కుపడినచోట అడిగితే ఒక్కో మెట్టుగా సూచన వచ్చేది.

అంతకంటే పెద్ద పని 2012 ఆగస్టులో బయటికొచ్చింది. కోడింగ్ అసలే రాని పిల్లల కోసం రెసిగ్ ఆధ్వర్యంలో తయారైన కంప్యూటర్ సైన్స్ పాఠాలవి. ఇంటర్‌ఫేస్ డిజైనర్ బ్రెట్ విక్టర్ అదే ఏడాది ఇచ్చిన ప్రసంగం వీటికి ప్రేరణ. పాఠాల ఎడిటర్‌లో ఎడమవైపు కోడ్, కుడివైపు బొమ్మ. వృత్తం గీయడానికి నాలుగు అంకెలు చాలు: రెండు అది ఉండాల్సిన చోటును, రెండు వెడల్పు ఎత్తులను చెబుతాయి. అంకె మీద క్లిక్ చేసి జరుపుతుంటే వృత్తం కళ్లముందే జరుగుతుంది. ఏ అంకె ఏం చేస్తుందో చేతికే తెలిసిపోతుంది. పాఠం కూడా మామూలు వీడియో కాదు. గురువు గొంతు వినిపిస్తుండగా కోడ్ అదే ఎడిటర్‌లో పడుతుంది. మధ్యలో ఆపి, ఆ కోడ్‌నే మార్చి చూడొచ్చు.

అన్నిటికన్నా విలువైనది తప్పు చూపించే తీరు. మామూలు ఉపకరణాల సందేశాలు అనుభవజ్ఞులకే అర్థమవుతాయి. కొత్తగా నేర్చుకునే పిల్లలు వాటిని చూసి బెదిరిపోతారు, ఇది తమవల్ల కాదనుకుంటారు. ఈ ఎడిటర్ కమాండ్ పేరులో ఒక అక్షరం తప్పితే, ‘మీరు రాయాలనుకున్నది ఇదేనా?’ అన్నట్టు అడుగుతుంది. అంతూపొంతూ లేని లూప్ రాస్తే బ్రౌజర్ బిగుసుకుపోకుండా, కోడ్‌ను ముందు వెనకాల విడిగా నడిపి చూస్తుంది. కష్టాన్ని యంత్రం భరించి మనిషికి సులువు మిగల్చడం జేక్వెరీలోనూ ఉన్నదే. అక్కడ లబ్ధిదారులు ఇంజినీర్లు, ఇక్కడ పిల్లలు.

వెబ్‌పేజీలు కట్టడానికి కొత్త పద్ధతిగా 2013లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ లైబ్రరీని ఆ సంస్థ బయట తొలినాళ్లలోనే వాడిన సంస్థల్లో ఖాన్ అకాడమీ ఒకటి. జేక్వెరీ సృష్టికర్త ఉన్నచోటే కొత్త పద్ధతికి దారి దొరకడం ఖాన్ అకాడమీకి మంచిపేరు తెచ్చే విషయం.

పిల్లల కోడింగ్ పాఠాల ఎడిటర్ కోడ్‌ను ఖాన్ అకాడమీ అందరికీ అందుబాటులో పెట్టింది. విద్యారంగంలోకి రావాలనుకునే ఇంజినీర్లు అందులో తప్పులు పట్టుకునే భాగాన్ని ముందుగా చదవాలి.