నాన్నగారిని అడగని ప్రశ్న

ఆస్పత్రి నాలుగో అంతస్తులో, కాఫీ మెషీన్ పక్కనున్న చిన్న గదిలో ఒక డాక్టరమ్మ నన్నూ మా ఆవిడనూ కూర్చోబెట్టి, “హాస్పిస్ గురించి ఎప్పుడైనా ఆలోచించారా?” అని అడిగింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే: ‘మేం చేతులెత్తేశాం, ఇంటికి తీసుకుపోండి’ అని. ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికా కన్నతండ్రిని ఇంతదూరం తెచ్చుకున్నది?

ఆ కోపం ఎంత తప్పో చెప్పడానికే ఈ వ్యాసం. మనలో చాలామంది తల్లిదండ్రులు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. కొందరు మన దగ్గర, కొందరు అక్కడ. ఏదో ఒక రోజు ఈ ప్రశ్న మన ముందుకూ వస్తుంది.

నాన్నగారు తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మతో కలిసి గ్రీన్‌కార్డు మీద న్యూజెర్సీలో మా ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉన్నారు. చివరి రెండేళ్ళు హార్ట్ ఫెయిల్యూర్. గుండె కండరం బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. 911కి ఫోను, ఎమర్జెన్సీ, నరం ద్వారా నీరు తీసే మందు, నాలుగైదు రోజులకు ఇంటికి. పోనుపోను కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి.

నేను వృత్తిరీత్యా డేటాబేస్ కన్సల్టెంటుని. ఆయన కోసం ఒక స్ప్రెడ్‌షీటు పెట్టాను. రోజూ బరువు, బీపీ, క్రియాటినిన్, మందుల మోతాదు అన్నీ అందులో ఉండేవి. డాక్టర్లు చూసి మెచ్చుకునేవారు. ఆస్పత్రిలో చేరిన తేదీలూ అందులోనే ఉన్నాయి. మొదటి రెండు సార్ల మధ్య నాలుగు నెలలు. తర్వాత ఏడు వారాలు. తర్వాత మూడు వారాలు. ఆపైన పదకొండు రోజులు. క్లయింటు సర్వరు ఇలా పడిపోతుంటే ‘ఇది రీస్టార్ట్ చేస్తే తీరే సమస్య కాదు’ అని మూడోసారికే చెప్పేవాణ్ణి. నాన్నగారి విషయంలో మాత్రం ప్రతిసారీ రీస్టార్టే కోరుకున్నాను.

డాక్టరమ్మ నా కోపం గమనించినట్టుంది. మెల్లగా ఇంకో ప్రశ్న వేసింది: “ఆయనకు తన పరిస్థితి గురించి ఏం తెలుసు? ఆయనకు ఏం కావాలని ఉంది?”

నా షీటులో ఆ కాలమ్ లేదు.

మన ఇళ్ళల్లో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. ‘పెద్దాయన బెంగపెట్టుకుంటారు’ అని ఆయన దగ్గర ఎవరూ నోరెత్తలేదు. విజయవాడ నుంచి అన్నయ్య రాత్రిళ్ళు ఫోను చేసి, “డబ్బుకు వెనకాడకురా, డయాలసిస్ అన్నా పెట్టించు. రేపు నలుగురూ ఏమంటారు?” అనేవాడు. అందరం నాన్నగారి గురించి మాట్లాడుకున్నాం, ఆయనతో తప్ప!

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆయన తాపీగా విన్నారు.

“డయాలసిస్ చేస్తే గుండె బాగవుతుందా?”

“కాదు నాన్నగారూ.”

“వారానికి ఎన్నిసార్లు?”

“మూడుసార్లు వెళ్ళాలి.”

“మరి లెక్క తేలిపోయిందిగా! నాకు తెలియదనుకున్నారురా? మీరు భయపడతారని నేనే అడగలేదు. ఇంటికి తీసుకుపో. మీ అమ్మ పెట్టింది నాలుగు ముద్దలు తిని నా మంచం మీద పడుకుంటాను.”

మేం ఆయన కోసం దాచాం, ఆయన మా కోసం దాచారు. మధ్యలో అయిదు నెలలు పోయాయి.

పాలియేటివ్ వేరు, హాస్పిస్ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, దిగులు లాంటి బాధలు తగ్గించే వైద్యం. తీవ్రమైన జబ్బు బయటపడిన రోజు నుంచే తీసుకోవచ్చు. కీమో, డయాలసిస్, ఆపరేషన్ వంటివేవీ మానుకోనక్కరలేదు. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు జట్లుగా చేశారు. మామూలు వైద్యంతో పాటు మొదటినుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్ళు హాయిగా ఉండటమే కాదు, ఎక్కువకాలం బతికారు కూడా. వాళ్ళది 11.6 నెలలు, రెండోవాళ్ళది 8.9 నెలలు.

హాస్పిస్ దీనిలో చివరి మెట్టు. జబ్బు నయం చేసే ప్రయత్నం ఆపి, ఉన్న రోజులు సుఖంగా గడిపించడం. మెడికేర్ లెక్క ప్రకారం, జబ్బు దాని దారిన అది సాగితే ఆరు నెలలకు మించి ఉండకపోవచ్చని డాక్టర్లు ధ్రువీకరించాలి. ముందు 90 రోజుల చొప్పున రెండుసార్లు, తర్వాత 60 రోజుల చొప్పున ఎన్నిసార్లయినా పొడిగిస్తారు. వద్దనుకుంటే ఏ రోజైనా బయటికి వచ్చి మామూలు వైద్యానికి వెళ్ళవచ్చు. నేను సంతకం పెట్టింది మరణపత్రం మీద కాదని తెలిశాక నా చెయ్యి వణకడం తగ్గింది.

మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2023 ఫిబ్రవరిలో హాస్పిస్‌లో చేరి, 2024 డిసెంబరు 29 దాకా ఉన్నారు. మధ్యలో నూరో పుట్టినరోజు కూడా జరుపుకున్నారు. ఆయన భార్య రోజలిన్ హాస్పిస్‌లో ఉన్నట్టు 2023 నవంబరు 17న ప్రకటిస్తే, ఆవిడ 19న కన్నుమూశారు. ఆరు నెలలన్నది ఒక అంచనాయే, గడువు కాదు.

ఎప్పుడు ఆలోచించాలి?

ఆస్పత్రికి వెళ్ళే వ్యవధి తగ్గిపోతుంటే. ప్రతిసారీ మునుపటికన్నా బలహీనంగా తిరిగొస్తుంటే. అనుకోకుండా బరువు తగ్గిపోతుంటే. రోజులో సగానికి పైగా మంచం మీదో కుర్చీలోనో గడుస్తుంటే. స్నానానికీ బట్టలకూ మనిషి సాయం కావలసివస్తుంటే, హాస్పిస్ మాట మనమే ఎత్తాలి. డాక్టరు ఎత్తేదాకా ఆగనక్కరలేదు. “ఈ వైద్యం వల్ల ఆయన తిరిగి ఏం చేయగలుగుతారు?” అని అడగండి. “వచ్చే ఏడాదికి ఆయన లేకపోతే మీరు ఆశ్చర్యపోతారా?” అని కూడా అడగండి. ఎంతకాలం అని అడిగితే తప్పించుకునే డాక్టరు కూడా ఈ ప్రశ్నకు నిజం చెబుతాడు.

జబ్బు తొలిదశలో ఉన్నా, వైద్యం పనిచేస్తున్నా, మనిషి ఇంకా పోరాడతానంటున్నా హాస్పిస్ తొందరపాటే. అప్పుడు పాలియేటివ్ కేర్ అడగండి.

ఇంట్లో

రెండు రోజుల్లో ఆస్పత్రి మంచం, ఆక్సిజన్ మెషీన్ ఇంటికొచ్చాయి. నర్సు వారానికి రెండుసార్లు వచ్చేది, స్నానం చేయించే మనిషి మూడుసార్లు. ఏ అర్ధరాత్రయినా ఫోను చేస్తే నర్సు పలికేది. ఆయన ఛాతీలో ఉన్న డీఫిబ్రిలేటరు ఆఖరి ఘడియల్లో అనవసరంగా షాకులు కొట్టకుండా, ఆ ఒక్క పని ఆపించారు. ఆయాసానికి నాలుక కింద రెండు చుక్కల మార్ఫిన్. ఆ పేరు వింటేనే అమ్మ హడలిపోయింది. సరైన మోతాదులో అది ప్రాణం తీయదని, ఊపిరి ఆడని కంగారును తగ్గిస్తుందని నర్సు ఓపిగ్గా చెప్పింది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. హాస్పిస్ వాళ్ళు ఇరవైనాలుగు గంటలూ ఇంట్లో ఉండరు. పక్క మార్చడం, శుభ్రం చేయడం, రాత్రి మేలుకోవడం మన పనే. మా ఆవిడా నేనూ వంతులేసుకున్నాం. అలసిపోతే రోగిని అయిదు రోజుల వరకు వేరేచోట చూసుకునే ఏర్పాటు మెడికేర్‌లోనే ఉంది.

గుండె జబ్బని రెండేళ్ళుగా ఆయనకు ఉప్పు బంద్. మొదటివారం నర్సు, “మీకేం తినాలని ఉంది?” అని అడిగింది. నాన్నగారు నావైపు చూసి, “ఆవకాయ అని ఇంగ్లీషులో చెప్పరా” అన్నారు. కొంచెం పరవాలేదంది. అమ్మ పెరుగన్నంలో ఆవకాయ బద్ద నంజిపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించారు.

అన్నయ్య ఎనిమిదోరోజున దిగాడు, కోపంతోనే. నాన్నగారే వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, “ఇది వాడి నిర్ణయం కాదు, నాది” అన్నారు. ఆ ఒక్క మాట మా అన్నదమ్ములిద్దరినీ జీవితాంతం కాపాడుతుంది.

ఇరవైమూడు రోజులున్నారు. తెల్లవారుజామున, నొప్పి లేకుండా, అమ్మ తులసితీర్థం పోస్తుండగా వెళ్ళిపోయారు. నాకు ఒకటే బాధ. ఆ ప్రశ్న అయిదు నెలల ముందు అడిగి ఉంటే ఆ నెలలన్నీ ఎమర్జెన్సీ గదుల్లో కాకుండా మా ఇంటి వరండాలో గడిచేవి.

మనం చేయగలిగినవి

తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే హెల్త్ కేర్ ప్రాక్సీ కాగితం రాయించండి. మాట చెప్పలేని స్థితిలో ఎవరు నిర్ణయించాలో అందులో ఉంటుంది. గ్రీన్‌కార్డు మీద వరసగా అయిదేళ్ళున్న 65 ఏళ్ళవారు, ఇక్కడ ఉద్యోగం చేయకపోయినా, ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకోవచ్చు. హాస్పిస్ పార్ట్ ఎ కిందికి వస్తుంది.

తల్లిదండ్రులు ఇండియాలో ఉంటే, అక్కడా దారులున్నాయి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. వైద్యం విషయంలో తన కోరికను ముందుగా రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది.

అన్నిటికన్నా ముందు, ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు షుగరూ బీపీ అడిగాక ఇంకొక్కటి అడగండి: “మీకేం కావాలని ఉంది?” జవాబు రాకపోతే మళ్ళీ వారం అడగండి. బహుశా వాళ్ళూ మనం భయపడతామనే ఆగుతున్నారేమో!