స్కాలర్‌షిప్ వచ్చిందంటే ఎంత వచ్చినట్టు?



పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయాక ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఫారిన్ చదువుల గురించే. హిందూపురం బ్రాంచిలోనైనా, ధర్మవరంలోనైనా అడిగే తీరు ఒకటే: "మేడమ్, స్కాలర్‌షిప్ వస్తే ఇంక మనం కట్టేదేమీ ఉండదు కదా?" ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎందుకంటే ఆ ఒక్క మాటనే మూడు నాలుగు వేర్వేరు వాటికి వాడుతున్నారు. ఇల్లో పొలమో బ్యాంకులో పెట్టాక ఆ తేడా తెలిసి లాభం లేదు. పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉండగానే తెలుసుకుంటే మేలని ఈ నెల దీని గురించి రాస్తున్నాను.

ముందు ఒక లెక్క వేద్దాం. ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్ కోర్సు, ఫీజు 18,000 పౌండ్లు అనుకోండి. యూనివర్సిటీ "మీకు 3,000 పౌండ్ల స్కాలర్‌షిప్ ఇస్తున్నాం" అని లెటర్ పంపింది. పౌండు 110 రూపాయలనుకుంటే 3 లక్షల 30 వేలు. ఇంట్లో పండగే. కానీ మిగిలిన 15,000 పౌండ్లు మనమే కట్టాలి, అది 16 లక్షల 50 వేలు. లండన్ బయట ఉన్నా ఖర్చులకు నెలకు వెయ్యి పౌండ్లకు పైనే, తొమ్మిది నెలలకు సరిపడా వీసా కోసం చూపించాలి. అది ఇంకో 10 లక్షలు. వీసా ఫీజు, ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జ్, విమానం టికెట్ కలిపితే 28 లక్షల దాకా పోతుంది. అంతా అప్పే అయి, వడ్డీ 10 శాతం అనుకుంటే, ఉద్యోగం వచ్చినా రాకపోయినా నెలకు 23 వేలు వడ్డీకే సరి. పైగా ఏడున్నర లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి.

దీన్ని మోసం అనలేం. అయితే అది ఫీజులో తగ్గింపు మాత్రమే. పట్టుచీర కొనేటప్పుడు డిస్కౌంట్ ఎంతో కాదు, చివరికి బిల్లు ఎంతో చూస్తాం కదా. ధర్మవరం వాళ్లకు ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. లెటర్ చేతికి వచ్చినప్పుడు "ఎంత ఇస్తున్నారు" అని కాక "ఇంకా మేం ఎంత కట్టాలి" అని అడగండి.

అసలైన పూర్తి స్కాలర్‌షిప్ వేరు. అందులో ఫీజు, నెలనెలా ఖర్చులకు డబ్బు, రానుపోను విమాన ఛార్జీలు, చాలావాటిలో ఆరోగ్య బీమా కూడా ఉంటాయి. మన రాయలసీమ నుంచి ఇలా వెళ్లినవాళ్లలో చెప్పుకోదగ్గ పేరు కట్టమంచి రామలింగారెడ్డి గారిది. చిత్తూరు దగ్గర కట్టమంచిలో 1880లో పుట్టారు. మన బుక్కరాయసముద్రం చెరువు కథతో 'ముసలమ్మ మరణం' కావ్యం రాసింది ఈయనే. 1902లో భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. అక్కడి ప్రసిద్ధ చర్చా సంఘం కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. తిరిగి వచ్చాక మైసూరు విద్యాశాఖలో పనిచేసి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఫీజు బెంగతో బతికే విద్యార్థికి సాయంత్రాలు చర్చలకు పోయే తీరిక ఉండదు. స్కాలర్‌షిప్ ఇచ్చే మొదటి మేలు డబ్బు కన్నా ఈ తీరికే అని నాకనిపిస్తుంది.

దీనికి ఎదురుగా యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. భీమవరంలో పుట్టిన ఆయన 1920ల మొదట్లో కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారు సమకూర్చిన డబ్బుతో హార్వర్డ్‌కు వెళ్లారు. అక్కడ ఖర్చులకు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నచిన్న పనులు చేశారు. తర్వాత ఆయన చేసిన పరిశోధనలు ప్రపంచానికంతా ఉపయోగపడ్డాయి, అది వేరే సంగతి. కానీ అందరు పిల్లలూ సుబ్బారావులు కాలేరు. ఇప్పుడు అమెరికాలో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకే, అదీ మామూలుగా క్యాంపస్‌లోనే పని చేయాలి. "అక్కడికి పోయాక పార్ట్ టైమ్ చేసుకుని కట్టేస్తాడు" అనే లెక్క కాగితం మీద కుదిరినంత తేలికగా అక్కడ కుదరదు.

రెండో మేలు, ఏ కోర్సు చదవాలో ఎంచుకునే స్వేచ్ఛ. 30 లక్షల అప్పుతో వెళ్లిన అమ్మాయి చదువు అయిన మరుసటి నెలే ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరాలి. పరిశోధన ఇష్టమైనా, టీచింగ్ ఇష్టమైనా, ఇంటికి తిరిగి రావాలనిపించినా అప్పు ఒప్పుకోదు.

మరి ఇలాంటివి ఎక్కడున్నాయి? కేంద్ర ప్రభుత్వ సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 125 మందికి ఇస్తారు. ఎక్కువ భాగం ఎస్సీ విద్యార్థులకే అయినా, సంచార జాతుల వారికి, భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు కూడా కొన్ని సీట్లున్నాయి. మగ్గం మీద బతికే ధర్మవరం ఇళ్లవాళ్లు ఆ చివరి నిబంధనను జాగ్రత్తగా చదివి, తమకు వర్తిస్తుందేమో శాఖవారిని అడగాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి, క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీలో సీటు రావాలి. ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ పథకం వేరే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల పేర్లు, మొత్తాలు, నియమాలు చాలాసార్లు మారాయి. కాబట్టి మీ అబ్బాయి వెళ్లే ఏడాదికి ఏది అమల్లో ఉందో సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోండి. దాన్నొక్కదాన్నే నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు.

పెనుకొండ వాళ్లకు ఇంకొకటి. ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక, 2019 నుంచి కార్లు బయటికి రావడం మొదలయ్యాక, మన పిల్లలు కొరియన్ అక్షరాల బోర్డులు చూస్తూ పెరుగుతున్నారు. ఆ దేశ ప్రభుత్వమే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ ఇస్తుందని మాత్రం తక్కువమందికి తెలుసు. ఇంటర్ తర్వాత డిగ్రీకి కూడా ఇస్తారు. మొదటి ఏడాది కొరియన్ భాష నేర్పించి, తర్వాత నాలుగేళ్లు చదివిస్తారు. ఫీజు, నెలవారీ ఖర్చు, టికెట్ వాళ్లవే. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ కూడా దాదాపు ఇలాంటిదే.

బీటెక్ అయిన వెంటనే పంపించేయాలని తొందరపడే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్‌కు రెండేళ్లు, అమెరికాకు పంపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్లు ఉద్యోగానుభవం తప్పనిసరి. యూరప్ దేశాల ఎరాస్మస్ ముండస్‌లో మాత్రం అనుభవం లేకపోయినా చాలా కోర్సులకు అప్లై చేయొచ్చు, ఎంపికైతే నెలకు 1,400 యూరోలు ఇస్తారు. అమెరికాలో ఎంఎస్‌కు పూర్తి సాయం దొరకడం అరుదు. పీహెచ్‌డీకి మాత్రం మంచి యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి నెలకు స్టయిపెండ్ ఇస్తాయి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే ఉండదు, కానీ మొదటి ఏడాది ఖర్చుకు సుమారు 12,000 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి.

షరతులు కూడా చదవాలి. అంబేడ్కర్ గారికి 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ ఇస్తేనే కొలంబియా యూనివర్సిటీ చదువు సాధ్యమైంది. ఆ తర్వాత లండన్‌లో చదువుతుండగా గడువు ముగిసి 1917లో మధ్యలోనే తిరిగి రావాల్సి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరితే అక్కడ కులం పేరుతో అవమానాలు పడ్డారు. 1920లో సొంత పొదుపు, కొల్హాపూర్ మహారాజు సాయం, స్నేహితుడి అప్పు కలుపుకుని మళ్లీ లండన్ వెళ్లి పూర్తిచేశారు. ఎన్నేళ్లు ఇస్తారు, మార్కులు తగ్గితే ఆపేస్తారా, చదువయ్యాక స్వదేశానికి రావాలా అన్నవి ఈ రోజుకూ ముఖ్యమైన ప్రశ్నలే. చీవెనింగ్, ఫుల్‌బ్రైట్ తీసుకున్నవాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది లోన్ స్కాలర్‌షిప్, అంటే తిరిగి కట్టాల్సిన డబ్బు. మాజీ రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు లండన్‌లో చదివింది టాటా స్కాలర్‌షిప్‌తోనే. తిరిగి కట్టేదైనా మంచిదే, తెలిసి తీసుకోవాలి అంతే.

అన్నట్టు, నేను చెప్పిన ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లలో దేనికీ అప్లికేషన్ ఫీజు లేదు. "స్కాలర్‌షిప్ రిలీజ్ కావాలంటే ముందు ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే, ఫోన్ పెట్టేయండి.

ఇంగ్లీష్ టీచర్‌గా ఒక మాట. ఈ అప్లికేషన్లలో చాలావాటిలో మార్కులతో పాటు పిల్లలు తమ గురించి తాము రాసే వ్యాసం ఉంటుంది. ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు, నీ ఊరికి ఏం చేశావు అని అడుగుతారు. దాన్ని కన్సల్టెన్సీ వాళ్లతో రాయిస్తే పది మందికీ ఒకే వ్యాసం వెళ్తుంది. గైడులో లెటర్ రైటింగ్ బట్టీ పట్టే పిల్లలకు ఇది ఒక్క రోజులో రాదు. అందుకే మా క్లాసులో వారానికి ఒక పేజీ సొంతంగా రాయమంటున్నాను. తప్పులున్నాయని ఇంట్లో కోప్పడకండి. గ్రామర్ నేను దిద్దుతాను, ఆలోచన మాత్రం పిల్లలదే కావాలి.

ఇక కాగితాలు. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఆఖరి నిమిషంలో పరుగెత్తి తెచ్చుకునేవి కావు. అన్నిటికన్నా ముఖ్యం పేరు. మన దగ్గర ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకో కాగితంలో ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, స్కూల్ రికార్డులో ఇంకొకటి. రేపు పాస్‌పోర్టు, వీసా, స్కాలర్‌షిప్ అన్నింటికీ ఎస్సెస్సీ మెమోనే ఆధారం. పదో తరగతి నామినల్ రోల్ వివరాల ప్రింట్ ఇంటికి పంపినప్పుడు పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ ఆధార్‌తో, బర్త్ సర్టిఫికెట్‌తో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా కనిపిస్తే సంతకం చేయకుండా ఆఫీసు రూముకు రండి. బోర్డుకు పంపకముందైతే సరిచేయడం తేలిక.