అన్నము మానవలెనా, నూనె మానవలెనా?

కృష్ణా డెల్టాలో భోజనమనగా అన్నమే. పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో మరొకసారి విస్తరిలోనికి వచ్చునది అదే. మోకాలిలోతు బురదలో నాట్లు వేయువారికి అది చెల్లును. కుర్చీలో కూర్చుండువారికి మిగిలిపోయిన శక్తి క్రొవ్వుగా మారి నడుము చుట్టును చేరును.

ఈ క్రొవ్వును కరిగించుటకు బెజవాడ ప్రాంతమునుండే రెండు ఎదురెదురు మార్గములు బయలుదేరినవి. కృష్ణ ఒడ్డున ఆరోగ్యాలయము నెలకొల్పిన మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె మానుమన్నారు. 2018 నాటికి బాగుగా ప్రచారములోనికి వచ్చిన వీరమాచనేని రామకృష్ణ అన్నము మాని, కొబ్బరినూనె వంటి క్రొవ్వులను రోజుకు 70 నుండి 100 గ్రాముల వరకు పుచ్చుకొమ్మన్నారు. ఒకరు పోపు సహితము వలదనగా, వేరొకరు నూనె త్రాగుమన్నారు! రెండు విధములను పాటించినవారిలోను సన్నబడినవారు కలరు. ఎట్లు?

గ్రాము క్రొవ్వులో 9 కెలోరీల శక్తి కలదు. గ్రాము పిండిపదార్థములో 4 మాత్రమే. నూనె మానినవారి సంగతి తేటతెల్లమే. పావుకిలో బియ్యపు అన్నము సుమారు 870 కెలోరీలు, 100 గ్రాముల నూనె 900 కెలోరీలు ఇచ్చును. అన్నమునకు బదులు నూనె పుచ్చుకొన్నందువలన లెక్క తగ్గలేదన్నమాట. అన్నముతోపాటు ఇడ్లీ, పూరీ, మిఠాయి, కాఫీలోని పంచదార కూడ పోవుటవలన తగ్గినది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు జట్లు చేసి పండ్రెండు నెలలు పరిశీలించి, 2018లో ఫలితములు ప్రకటించిరి. క్రొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థములు తగ్గించినవారు 6 కిలోలు తగ్గిరి. గణాంకశాస్త్ర రీత్యా ఇది లెక్కింపదగిన తేడా కాదు. వింత యేమనగా, ఒకే జట్టులో కొందరు ఇరువది కిలోలకు పైగా తగ్గగా కొందరు పెరిగిరి.

అన్నము మానిన మొదటి వారములో త్రాసుముల్లు చకచక దిగును. దిగినదంతయు క్రొవ్వు కాదు. కాలేయములోను, కండరములలోను గ్లైకోజన్ అను పిండిపదార్థము నిలువ ఉండును. దాని ప్రతి గ్రామును సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచును. నిలువ ఖర్చుకాగానే ఆ నీరును బయటకు పోవును. మరల అన్నము తినగానే తిరిగి చేరును.

మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనువారి సంగతి వేరు. ఆ మోతాదు అన్నము తినువారికని లెక్కించినది. అన్నము మాని మందు మాత్రము అట్లే పుచ్చుకొన్నచో రక్తములోని చక్కెర పడిపోయి చెమటలు, వణకు పుట్టి స్పృహ తప్పవచ్చును. భయపడి ఇన్సులిన్ తామే మానివేసినచో రక్తములో ఆమ్లములు పెరిగి ప్రాణముమీదికి వచ్చును. కనుక వైద్యుడు మోతాదు సరిచేయవలసినది విస్తరి మార్చిన తరువాత కాదు, ముందే.