ఉత్తరమున తొలిమంచు - కొల్లేట అతిథులు

కార్తికమాసమున పెంటపాడు రైతు సార్వా కోతకు కొడవలి సిద్ధము చేసికొను వేళకు, ఉత్తర సైబీరియాలో నేల యంతయు తెల్లబడియుండును. అచ్చట సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే తొలిమంచు కురియును. ఆ మంచుతో మనకేమి పని యని పాఠక మహాశయు లడుగవచ్చును. పని గలదు. అది మన కొల్లేటికి సంబంధించిన పని.

అచ్చట వేసవిలో పిల్లలను బెంచు సూదితోక బాతులు, చెంచామూతి బాతులు మొదలగునవి చలికాలమునకు కొల్లేటికి వచ్చును. పగటి కాలము తగ్గుటతోడనే దేహమున క్రొవ్వు నింపుకొని ప్రయాణమునకు సిద్ధపడును. తొలిమంచు కురిసి, మడుగులు గడ్డకట్టి, మేత మరుగుపడినప్పుడు వెనుక నిలిచినవియు బయలుదేరును. ఆటపాకలోని గూడబాతులను గూడ సైబీరియా పక్షులని పలువు రందురు. అది పొరపాటు, అవి మన దేశపువే.

ఈ బాతులు లోతులేని నీట తల ముంచి మేయును. ఎత్తైన గట్లు గల లోతు చేపలచెరువులలో వానికి మేత దొరకదు. కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగ గుర్తింపు పొందెను. 2006లో ప్రభుత్వము అక్రమపు చెరువుల గట్లను కొట్టించెను. పిదప మరల గట్లు లేచినవి.

చెరువులనే నమ్మి బ్రతుకు పేదలను విస్మరింపుమని మేము చెప్పుట లేదు. వారికి వేరు జీవనోపాధి చూపుట ప్రభుత్వ ధర్మము. కాని కొల్లేరు పక్షులకే గాదు, మన పొలములకును రక్ష. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను తనలో నిముడ్చుకొని, ఉప్పుటేటి ద్వారా మెల్లగ సముద్రమునకు విడుచునది అదియే. దాని కడుపున గట్టు లేచినకొలది ఆ నీరు ఊళ్లపైకిని, చేలపైకిని మరలును. పక్షికి చోటులేని కొల్లేట వరదకును చోటుండదు.

వేల మైళ్లకావల తొలిమంచు రాలినప్పుడు ఆ పక్షి మన నీటిని నమ్మి రెక్క విప్పుచున్నది. అతిథిని ఆదరించుట మన యాచారము. ఇచ్చట ఆ యాచారమును పాటించుట మన భూములను మనము కాపాడుకొనుటయే. భూవసతి గల పెద్దలును, పట్టణవాసులును ఈ సంగతి గ్రహించి, కొల్లేటి నీటికి దాని చోటు దానికి విడిపింప పూనుకొందురు గాక!