సింహావలోకనము: జట్టు తన పనిని తాను పరిశీలించుకొను విధము

సింహము కొంత దూరము నడచి, ఆగి, తాను వచ్చిన దారిని ఒకసారి వెనుదిరిగి చూచునని పెద్దలు చెప్పుదురు. గడచినదానిని పరిశీలించుటకు సింహావలోకనమను పేరు అందుచేతనే వచ్చినది. సింహము మాట ఎట్లున్నను, పనిలో మునిగియున్న మనుష్యులు అట్లు వెనుదిరిగి చూచుట అరుదు. ఒక పని ముగియకమునుపే మరియొకటి నెత్తిమీదకు వచ్చును. మొదటి పనిలో జరిగిన పొరపాటు రెండవదానిలోను జరుగును.

కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేయు సంస్థలలో ఈ చిక్కు తీవ్రముగా కనిపించెను. పూర్వము పెద్ద ప్రోగ్రామును ఇల్లు కట్టినట్లు కట్టెడివారు. ముందుగా పూర్తి పథకము వేసి, ఏడాదియో రెండేండ్లో శ్రమించి, చివరకు వాడుకొనువారి చేతికిచ్చెడివారు. తప్పు ఎక్కడ జరిగినదో అప్పుడుగాని బయటపడెడిది కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను కొండప్రాంతపు విడిదిలో 17 మంది ప్రోగ్రాము నిపుణులు కలిసికొని వేరొక మార్గమును సూచించిరి. పనిని చిన్న చిన్న భాగములుగా పూర్తిచేయుచు, తరచుగా వాడుకొనువారికి చూపుచు, మార్పునకు సిద్ధముగా నుండవలెనని వారి ప్రకటన. దీనికి ఎజైల్ పద్ధతి అని పేరు. ఎజైల్ అనగా చురుకైనది అని అర్థము. ఆ ప్రకటనకు తోడుగా వ్రాసిన 12 సూత్రములలో కడపటిది మన ప్రస్తుత విషయము. జట్టు అప్పుడప్పుడు తన పనితీరును తానే పరిశీలించుకొని సవరించుకొనుచుండవలెనని దాని సారాంశము.

ఎజైల్ పద్ధతులలో మిక్కిలి వ్యాప్తిలోనున్నది స్క్రమ్. ఇందు పనికాలమును స్ప్రింట్ అను ఖండములుగా విభజింతురు. ఒక్కొక్కటి నెలకు మించదు; రెండు వారముల స్ప్రింటు సర్వసాధారణము. జట్టులో సాధారణముగా పదిమందికి మించి యుండరు. స్ప్రింటు చివర జరుగు సమావేశమునకే రెట్రోస్పెక్టివ్ అని పేరు. నెల స్ప్రింటునకు ఇది 3 గంటలకు మించరాదని నియమము. తయారైన వస్తువును చూచుటకు వేరొక సమావేశము కలదు. ఇందు పరీక్షకు వచ్చునది వస్తువు కాదు, దానిని చేసిన తీరు. హైదరాబాదులోని మాదాపూరు మొదలు అమెరికాలోని నగరముల వరకు సాఫ్ట్‌వేర్ సంస్థలలో పనిచేయు తెలుగువారికి ఈ మాట నిత్యవ్యవహారములోనిదే.

పదిమంది కూర్చుండి, ఏమి బాగున్నది, ఏమి బాగులేదు అని మాటలాడుకొనుటకు శాస్త్రమెందుకని విద్యార్థి అడుగవచ్చును. మానవుని జ్ఞాపకము నమ్మదగిన సాక్షి కాదు గనుక శాస్త్రము అవసరమైనది.

బరూక్ ఫిష్‌హాఫ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1975లో ప్రకటించిన ప్రయోగమొకటి మనకు ఆసక్తి కలిగించును. ఆయన తీసికొన్న కథావస్తువు 1814లో ఇంగ్లీషువారికిని నేపాలు గూర్ఖాలకును జరిగిన యుద్ధము. ఆ వృత్తాంతమును చదువుటకిచ్చి, కొందరికి ఇంగ్లీషువారు గెలిచిరనియు, కొందరికి గూర్ఖాలు గెలిచిరనియు, మరికొందరికి ఎవరును గెలువలేదనియు చెప్పెను. పిమ్మట, ఫలితము తెలియకున్నచో ఏది జరుగుటకు ఎంత అవకాశమున్నదని మీరు తలచియుందురని అడిగెను. ఎవరికి ఏ ముగింపు చెప్పబడెనో వారికి అదియే ఎక్కువ సహజముగా తోచెను. ఆయన రూత్ బేత్‌తో కలిసి చేసిన మరియొక పరిశీలన ఇంకను విచిత్రమైనది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకును, సోవియట్ యూనియన్‌కును వెళ్ళుటకు ముందు కొందరిచేత అంచనాలు వ్రాయించిరి. పర్యటనలు ముగిసిన తరువాత, మీరు వెనుక ఏమి వ్రాసితిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడని కోరిరి. జరిగిన సంగతులను తాము ముందే ఎక్కువగా ఊహించినట్లు వారు చెప్పిరి. వారు అబద్ధమాడలేదు, వారి జ్ఞాపకమే మారిపోయెను.

"ఇది ఇట్లగునని నాకు అప్పుడే తెలుసు" అను మాట ప్రతి కార్యాలయములోను వినవచ్చుటకు కారణమిదియే. అందుచేత మంచి రెట్రోస్పెక్టివ్ అభిప్రాయములతో కాక ఆధారములతో మొదలగును. స్ప్రింటులోని దినములను గోడమీద వరుసగా గీసి, ఏ దినమున ఏ పని ఆగినది, ఎన్ని లోపములు బయటపడినవి, ఎవరి జవాబునకై ఎన్ని దినములు కాచుకొనిరి అను వివరములను దానిపై అతికింతురు. అమెరికా సైన్యమువారు 1980 ప్రాంతమునుండి కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్ శిక్షణకేంద్రములో ఇట్టి పద్ధతినే అనుసరించిరి. అక్కడి కృత్రిమ యుద్ధములలో తుపాకులకు గుండ్లకు బదులు లేజరు కిరణములుండును. ఎవరి గురి ఎవరికి తగిలినదో యంత్రములే చెప్పును. యుద్ధము ముగియగానే అధికారియు సిపాయియు కూర్చుండి, ఏమి జరుగవలెనని తలచితిమి, నిజముగా ఏమి జరిగినది, ఎందుకట్లు జరిగినది, ఇకమీదట ఏమి చేయవలెను అని విచారింతురు. యంత్రము తెలిపిన సంగతిని అధికారి కాదనలేడు గదా!

జ్ఞాపకముకంటె పెద్ద అడ్డంకి భయము. తెలిసినదానిని చెప్పకుండ నోరు మూయించునది అదియే. ఎమీ ఎడ్మండ్‌సన్ అను పరిశోధకురాలు ఆసుపత్రులలో మందులిచ్చుటలో జరుగు పొరపాట్లను పరిశీలించి 1996లో తన ఫలితములను ప్రకటించెను. మంచి జట్టులో పొరపాట్లు తక్కువగా నుండునని ఆమె మొదటి ఊహ. లెక్కలు తద్విరుద్ధముగా వచ్చెను. పరస్పర విశ్వాసము, మంచి నాయకత్వము గల వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైయుండెను! లోతుగా విచారింపగా తెలిసినదేమనగా, అక్కడివారు ఎక్కువ పొరపాట్లు చేయుట లేదు, ఎక్కువగా చెప్పుకొనుచున్నారు. తక్కిన వార్డులలో నర్సులు శిక్షకు వెరచి దాచుచుండిరి. దాచిన పొరపాటును దిద్దువారెవరు? రోగి ప్రాణములతో ముడిపడిన చోటనే భయము ఇంతపని చేయగా, మామూలు కార్యాలయముల సంగతి చెప్పనక్కరలేదు.

నార్మన్ కెర్త్ అను నిపుణుడు 2001లో వెలువరించిన గ్రంథములో, సమావేశము మొదలుపెట్టుటకు ముందు అందరును ఒక భావమును అంగీకరింపవలెనని చెప్పెను. నాటి పరిస్థితిలో, నాటికి తెలిసినంతలో ప్రతివారును శక్తివంచన లేకుండ పనిచేసిరని నమ్మి మాటలాడవలెనని దాని తాత్పర్యము. అట్లయిన సోమరికి శిక్ష లేదా అని కొందరు ఆక్షేపింతురు. ఉన్నది, కాని దానికి స్థలము వేరు. అది పై అధికారి ఏకాంతముగా తేల్చుకొనవలసిన వ్యవహారము. రెట్రోస్పెక్టివులో విన్న మాటను జీతము పెంచునప్పుడు గుర్తుపెట్టుకొను అధికారి ఆ సమావేశమును తన చేతులతోనే చంపుచున్నాడు. ఒక్కసారి అట్లు జరిగినచో, ఆ తరువాత ఎన్ని స్ప్రింటులు గడచినను, "అంతయు బాగున్నది సార్" అను జవాబే వచ్చుచుండును. పెద్దల మాటకు ఎదురాడుట మర్యాద కాదని పెరిగిన మన దేశములో ఈ జాగ్రత్త మరింత అవసరము.

మొదట ఎవరు మాటలాడుదురను చిన్న విషయము కూడ ఫలితమును మార్చును. 1951లో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగములో కొన్ని గీతల పొడవును పోల్చి చెప్పవలసియుండెను. పసిపిల్లలకైనను తెలియు సంగతి. కాని ముందుగా ఏర్పాటు చేసికొన్న మనుష్యులు వరుసగా తప్పు జవాబు చెప్పగా, నిజముగా పరీక్షింపబడు వ్యక్తులు ఇంచుమించు మూడవవంతు సందర్భములలో వారితోపాటే తప్పు చెప్పిరి. జవాబును రహస్యముగా కాగితముపై వ్రాయనిచ్చినప్పుడు ఈ లొంగుబాటు బాగుగా తగ్గెను. రెట్రోస్పెక్టివులో మొదటి అయిదు నిమిషములు ఎవరును మాటలాడక, తమ తమ భావములను చిన్న చీటీలపై వ్రాసి గోడకు అంటించుటలోని రహస్యమిది. క్రొత్తగా చేరిన అమ్మాయి చీటీకిని, పదేండ్ల అనుభవశాలి చీటీకిని ఆ గోడమీద కొలత ఒక్కటే.

ఒక ఉదాహరణ. విద్యుత్ బిల్లుల ప్రోగ్రాము తయారుచేయు జట్టు ఒకటున్నదనుకొందము. శుక్రవారము విడుదలచేసిన భాగములో నెలాఖరు తేదీలు తప్పుగా వచ్చినవి. "ఎవరు చేసిరి?" అని అడిగినచో ఒక పేరు వచ్చును, ఆ మనిషి తలవంచుకొనును, సమావేశము ముగియును. "ఎట్లు జరిగినది?" అని అడిగినచో కథ వేరుగా నడచును. గురువారము మార్పు చేసిరి. పరీక్ష చేయలేదు. ఎందుకు? పరీక్షించు యంత్రము వేరొక జట్టు వాడుకలోనున్నది. అది ఖాళీగా లేదని ముందు తెలియదా? తెలిసికొను మార్గమే లేదు. ఇప్పుడు చేతికి దొరికినది దోషి కాదు, కారణము. రేపు మరియొకరు ఆ కుర్చీలో కూర్చున్నను అదే పొరపాటు జరిగియుండెడిది.

కారణము దొరికిన తరువాత చేయవలసినది ప్రయోగశాలలోని పనివంటిదే. పది తీర్మానములు చేసిన జట్టు ఒక్కటియు అమలుపరచదు. ఒకటి, మహాయైన రెండు చాలును. వానికి ఒక బాధ్యుడు, ఒక గడువు, ఒక కొలత ఉండవలెను. పై జట్టు, "ఇకమీదట జాగ్రత్తగా నుందము" అని వ్రాసికొన్నచో అది తీర్మానము కాదు, ప్రార్థన. "పరీక్షాయంత్రమును ప్రతి గురువారము రెండు గంటలు మనకై కేటాయింపజేయుదము; రాబోవు స్ప్రింటులో పరీక్ష లేకుండ విడుదలైన భాగములెన్నో లెక్కింతము" అనునది తీర్మానము. అది ఫలింపకపోవచ్చును. ఐనను, ఊహించి, చేసి, కొలిచి చూచినందువలన జట్టునకు ఒక సంగతి తెలిసినట్లే. తరువాతి సమావేశము ఆ లెక్కతోనే ఆరంభము కావలెను. చాలచోట్ల ఈ ఒక్కపని జరుగక, పాత చీటీలు చెత్తబుట్టకు పోయి, అవే ఫిర్యాదులు క్రొత్త చీటీలపైకి ఎక్కుచున్నవి.

ఇట్టి సమావేశములవలన నిజముగా లాభమున్నదా? టానెన్‌బామ్, సెరసోలి అను ఇరువురు 2013లో, పని తరువాత జరుపు సమీక్షలను గూర్చిన 46 నమూనాల ఫలితములను కలిపి లెక్కించిరి. సమీక్ష జరుపనివారికంటె జరిపినవారి పనితనము సగటున ఇంచుమించు 25 శాతము మెరుగైనట్లు తేలినది. ఒక క్రమము ప్రకారము, ఒకరు నడుపుచుండగా జరిగిన సమీక్షలు మరింత ఫలవంతములగునని కూడ సూచనలు కనిపించినవి.

సమావేశమును నడుపు వ్యక్తి జట్టులోని పెద్ద కానక్కరలేదు. వంతులవారీగా మారుట మేలు. ముగించుటకు ముందు కొన్ని జట్లలో ఒక ఆచారమున్నది. ఈ గంట తనకెంత ఉపయోగపడినదో ప్రతివారును సున్న నుండి నాలుగు వరకు ఒక అంకె వేసి, పేరు వ్రాయకుండ చీటీని పెట్టెలో వేయుదురు. ఒకట్లు, సున్నలు ఎక్కువగా వచ్చినచో, తరువాతి సమావేశమును నడుపువారు దాని తీరును మార్చి చూతురు.